టెక్ సందేహాలు: పొద్దున పదిహేను డిగ్రీల తేడా, మధ్యాహ్నం అయిదే!

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర మాకు రైస్ మిల్లు ఉంది. ధాన్యం డ్రయ్యర్‌కి వైర్‌లెస్ టెంపరేచర్ ట్రాన్స్‌మిటర్ పెట్టాం, రేంజ్ 0-100 డిగ్రీలు. రిసీవర్ నుంచి 4-20 మిల్లీయాంపుల అవుట్‌పుట్ ప్యానెల్ డిస్‌ప్లేకి వెళ్తుంది. అసలు వేడి 25 ఉంటే డిస్‌ప్లే 40 అంటోంది, 75 ఉంటే 80 అంటోంది. సెన్సర్ పోయిందంటున్నారు. మార్చాలా సార్?

జవాబు: మార్చకండి. పోయిన సెన్సర్ ఇంత పద్ధతిగా తప్పు చెప్పదు. 4-20 అంటే 0 డిగ్రీలకు 4, 100కి 20 మిల్లీయాంపులు; ఆ లెక్కన మీ రేంజ్‌లో 25 డిగ్రీలకు 8, 75కి 16 మిల్లీయాంపులు రావాలి. డిస్‌ప్లే ఇన్‌పుట్ 0-20లో ఉంటే, అంటే 0 మిల్లీయాంపులనే 0 డిగ్రీలనుకుంటే, ఆ 8ని 40గా, 16ని 80గా చదువుతుంది. అచ్చంగా మీరు రాసిన అంకెలే! వేడెక్కేకొద్దీ తేడా తగ్గుతుందంటే ముందు అనుమానించాల్సింది ఈ సెట్టింగునే. మెనూలో ఇన్‌పుట్‌ను 4-20కి మార్చి, కింది హద్దు 0, పై హద్దు 100 ఇవ్వండి. నమ్మకం కుదరకపోతే అవుట్‌పుట్ వైరు ఒకటి విప్పి, మధ్యలో మల్టీమీటర్‌ను మిల్లీయాంపుల్లో పెట్టి చూడండి.

ఆఫ్‌సెట్‌లో (డిస్‌ప్లే అంకెకు ఎప్పుడూ ఒకే మొత్తం కలిపే, తీసే సెట్టింగులో) మైనస్ 15 కొట్టి ‘సెట్టయింది సార్’ అని వెళ్లిపోయే మెకానిక్‌లుంటారు, జాగ్రత్త. పొద్దున బాగానే ఉంటుంది. 75 వచ్చేసరికి డిస్‌ప్లే 65 అంటుంది, ఆపరేటర్ పొయ్యిలో ఇంకాస్త ఊక వేస్తాడు, మరపట్టాక చూస్తే అంతా నూకే.

ప్రశ్న: సిరోంచలో మా తోట ట్యాంకుకి వైర్‌లెస్ లెవెల్ సెన్సర్ ఉంది. దాని బ్యాటరీ అయిపోయినా డిస్‌ప్లే 60 శాతం దగ్గరే నిలిచిపోయింది. మోటారు ఆగలేదు, ట్యాంకు పొంగిపోయింది.

జవాబు: సిగ్నల్ పోతే చివరి విలువనే పట్టుకుని కూర్చోమని మీ రిసీవర్‌లో సెట్ చేసి ఉంది. వైరు సెన్సర్‌కి తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది, వెంటనే తెలిసిపోతుంది. 4 నుంచి మొదలుపెట్టడంలో ఉన్న లాభమే అది. వైర్‌లెస్‌లో రిసీవర్ బతికే ఉంటుంది కాబట్టి అవుట్‌పుట్ వస్తూనే ఉంటుంది. సిగ్నల్ పోతే ఏం చేయాలో మనమే చెప్పాలి.

చాలామంది అవుట్‌పుట్‌ను 3.6 మిల్లీయాంపులకో, అంతకంటే కిందకో పడిపోయేలా పెడతారు. మీకది కొంప ముంచుతుంది. తక్కువ కరెంటంటే ట్యాంకు ఖాళీ అనుకుని ప్యానెల్ మోటారు వేసేస్తుంది. మీరు 21కి ఎక్కేలా పెట్టండి, ట్యాంకు నిండిందనుకుని మోటారు ఆపేస్తుంది. బోరు ఎండి మోటారు కాలకుండా చూసే సెన్సరైతే ఇదంతా తిరగేయాలి. సెట్ చేశాక బ్యాటరీ పీకి ఓసారి పరీక్షించండి.

ప్రశ్న: రాయగడ నుంచి. ఆన్‌లైన్‌లో 915 మెగాహెర్ట్జ్ సెట్ చవగ్గా వస్తోంది. కొనొచ్చా?

జవాబు: వద్దు. అది అమెరికాలో వాడే బ్యాండ్. మన దగ్గర ఇలాంటి సెట్లకు లైసెన్సు అక్కర్లేనిది 865-868 మెగాహెర్ట్జ్. ఏది కొన్నా యాంటెన్నాను ఇనుప ప్యానెల్ డబ్బా బయటే బిగించండి.