అనామ్లజనకాలు వైరస్‌లను చంపుతాయా?

సందేహం: ‘అనామ్లజనకాలు వ్యాధినిరోధక శక్తిని పెంచి వైరస్‌లను చంపుతాయి’ అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. అనామ్లజనకం అంటే ఎసిడిటీని తగ్గించేది కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే యాంటీ ఆక్సిడెంట్ అట! ఈ మాట సరైనదేనా? ఇంతకంటే మంచి తెలుగు మాట ఉందా?

సమాధానం: మీరలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఆ మాటే అలా అనిపిస్తుంది. ఆక్సిజన్ లేనిదే ఆమ్లం ఉండదనుకుని, 18వ శతాబ్దంలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోజియే దానికి ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలతో పేరు పెట్టాడు. మనవాళ్లు దాన్నే ఆమ్లజని, ఆమ్లజనకం అన్నారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని తరవాత ఇంగ్లండు శాస్త్రవేత్త డేవీ తేల్చినా పేరు మారలేదు.

ఆ ఆమ్లజనకానికి ముందు ‘అన్’ చేర్చి అనామ్లజనకం చేశారు. అంటే ‘ఆక్సిజన్ కానిది’. ఆ లెక్కన నత్రజని కూడా అనామ్లజనకమే! నఞ్‌కు, అంటే ‘కాదు, లేదు’ అని చెప్పే ఈ అ, అన్‌లకు, విరోధార్థం కూడా ఉంది కదా, అధర్మం అనడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. కానీ అధర్మం ధర్మానికి వ్యతిరేకమైనది, ధర్మాన్ని ఆపే పదార్థం కాదు. మనకిక్కడ కావలసింది ఆక్సీకరణాన్ని, అంటే ఆక్సిడేషన్‌ను, ఆపేది. కాబట్టి ‘ఆక్సీకరణ నిరోధకం’ అనండి. మామూలు వ్యాసాల్లో యాంటీ ఆక్సిడెంట్ అని రాసినా నాకు అభ్యంతరం లేదు. అందరికీ తెలిసిన మాట అది.

నాకు పేచీ ఆ వాక్యంలోని క్రియతోనే. సమాసాన్ని విడదీసి చూడండి. వ్యాధిని నిరోధించేది వ్యాధినిరోధకం, ఆక్సీకరణాన్ని నిరోధించేది ఆక్సీకరణ నిరోధకం. ఏది ఆగుతుందో పూర్వపదమే చెబుతోంది. అందులో వైరస్ ఎక్కడుంది? ‘చంపుతాయి’కి కర్తగా యాంటీ ఆక్సిడెంట్లను కూర్చోబెడితే వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ విషయం ఒప్పుకోదు.

నిజానికి కథ దాదాపు తలకిందులు. సూక్ష్మజీవులను మింగిన కొన్ని తెల్ల రక్తకణాలు, వాటిని చంపడానికి తీవ్రమైన ఆక్సిజన్ రూపాలను తామే తయారు చేసుకుంటాయి. ఆక్సీకరణం అక్కడ ఆయుధం. వైరస్ సోకి వాపు పెరిగినప్పుడు ఆ ఉత్పత్తి మితిమీరితే సొంత కణాలూ దెబ్బతింటాయి. సి, ఇ విటమిన్లు, శరీరమే తయారు చేసుకునే గ్లూటాథయోన్ వంటివి అడ్డుపడేది ఆ నష్టానికి. తెల్లకణాలు విటమిన్ సిని రక్తంలోని ద్రవంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా దాచుకుంటాయి కూడా.

‘పెంచి’ అన్న మాటా అంతే జాగ్రత్తగా వాడాలి. లోపిస్తే తగ్గుతుంది అన్నంత మాత్రాన, ఎక్కువ వేసుకుంటే పెరుగుతుంది అని అర్థం రాదు. లోపం సంగతికి మంచి ఉదాహరణ సెలీనియం. అది మన యాంటీ ఆక్సిడెంట్ ఎంజైములకు కావలసిన మూలకం. సెలీనియం తక్కువైన ఎలుకలకు, గుండెకు హాని చేయని ఒక రకం కాక్సాకీ వైరస్‌ను ఎక్కిస్తే వాటి గుండె దెబ్బతింది. వైరస్ జన్యువులే మారిపోయాయి. ఆ మారిన వైరస్‌ను తీసి, సెలీనియానికి లోటు లేని ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ జబ్బు చేసింది!

ఇక ఎక్కువ వేసుకోవడం సంగతి. రోజూ విటమిన్ సి మాత్రలు వేసుకున్నా మామూలు జనంలో జలుబు రావడం తగ్గలేదని పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. పెద్దల్లో జలుబు ఉండే కాలం మాత్రం సుమారు 8 శాతం తగ్గింది. ఫిన్లాండ్‌లో పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో బయటపడింది.

అందుచేత ఆ వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: ‘వైరస్‌తో పోరాడేటప్పుడు సొంత కణాలకు జరిగే నష్టాన్ని తగ్గించడానికి యాంటీ ఆక్సిడెంట్లు తోడ్పడతాయి. అవి లోపిస్తే వ్యాధినిరోధక శక్తి దెబ్బతింటుంది.’ చప్పగా ఉందంటారా? ఉండనివ్వండి.

అన్నట్టు, మీ ఉత్తరంలో మరోచోట ‘యాంటీ ఆక్సిడెంట్స్‌లు’ అని రాశారు. ‘స్’ ఉండగా మళ్లీ ‘లు’ ఎందుకు? యాంటీ ఆక్సిడెంట్లు చాలు. ‘వైరస్‌లు’ మాత్రం సరైనదే, అక్కడి ‘స్’ బహువచనానిది కాదు.