ఊపిరితిత్తి ఆపరేషన్‌కు సింగపూర్ వెళ్లాలా? 42 లక్షల లెక్క

ప్రశ్న: నేను మియాపూర్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారికి 66 ఏళ్లు. తెనాలిలో ఎరువుల కొట్టు నడిపి ఈ మధ్యే మానేశారు. పదేళ్ల కిందటి వరకు సిగరెట్లు తాగేవారు. దగ్గు తగ్గడం లేదని సీటీ తీయిస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో 1.8 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. తొలి దశే అంటున్నారు. ఛాతీ పెద్దగా కోయకుండా కీహోల్ పద్ధతిలో ఆ భాగం తీసేస్తామని హైదరాబాద్ డాక్టర్లు చెప్పి 5.8 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు. సింగపూర్‌లో ఒక ఆసుపత్రి 62,000 సింగపూర్ డాలర్లు, అంటే సుమారు 42 లక్షలు అంటోంది. న్యూజెర్సీలో ఉన్న అక్క ‘ఇలాంటివి బయటే చేయించాలి, నేను 20,000 డాలర్లు ఇస్తాను, కాదంటే ఇక్కడికే తీసుకురా’ అంటోంది. మా దగ్గర 18 లక్షల ఎఫ్‌డీలు, నాన్నగారి పేరిట నాలుగేళ్ల కిందట తీసుకున్న 5 లక్షల హెల్త్ పాలసీ, మా కంపెనీ ఇచ్చే 5 లక్షల కవరేజీ ఉన్నాయి. తక్కువ పడితే ఊళ్లో ఎకరం అమ్మేద్దామని నాన్నగారే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: హైదరాబాద్‌లోనే చేయించండి. ఇది డబ్బు మిగుల్చుకోవడానికి చెబుతున్న మాట కాదు. మీ నాన్నగారి వైద్యానికి డబ్బు అసలు అవసరమయ్యేది ఆపరేషన్ రోజున కాదు, తర్వాత వచ్చే మూడు నుంచి ఐదేళ్లలో. 42 లక్షలు సింగపూర్‌లో పెట్టి వస్తే ఆ ఐదేళ్లకు మీ చేతిలో ఏమీ ఉండదు.

నేను డాక్టర్‌ని కాను. కానీ ఇలాంటి ఎస్టిమేట్లు పట్టుకుని వచ్చే కుటుంబాలతో కూర్చుని లెక్కలు వేయడం నా పని కాబట్టి తెలిసినంత చెబుతాను. మీకు చెప్పిన పద్ధతి పేరు వ్యాట్స్. పక్కటెముకల మధ్య రెండు మూడు చిన్న గాట్లు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతా వాటిలోంచి పరికరాలు పంపి ఊపిరితిత్తిలో జబ్బు ఉన్న లోబ్‌ను, అంటే ఆ ఒక్క భాగాన్ని తీస్తారు. ఒకే గాటుతో చేసేవాళ్లూ ఉన్నారు. ఇది విదేశాల్లో మాత్రమే దొరికే కొత్త విద్య కాదు. 1990ల మొదట్లోనే ఇటలీలో ఈ పద్ధతిలో లోబ్ తీశారు. ఒకే గాటుతో తీయడం 2010లో స్పెయిన్‌లో మొదలైంది. బ్రిటన్‌లో 9 ఆసుపత్రుల్లో 503 మంది మీద జరిగిన ‘వయొలెట్’ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. ఛాతీ తెరిచి చేసినవాళ్లు ఆసుపత్రిలో సాధారణంగా 5 రోజులుంటే, వ్యాట్స్ వాళ్లు 4 రోజులున్నారు. ఐదు వారాలయ్యేసరికి వీళ్లే మెరుగ్గా తిరగగలిగారు. ఈ లాభం పద్ధతి వల్ల, అది బాగా చేసే సర్జన్ వల్ల వస్తుంది. ఏ దేశంలో చేశారన్నదాని వల్ల కాదు.

అందుకే అక్కయ్యకు చెప్పాల్సింది దేశం గురించి కాదు, సర్జన్ గురించి. కడుపులో కీహోల్ ఆపరేషన్లు చేసేవారు వేరు, ఛాతీ ఆపరేషన్లు చేసే థొరాసిక్ సర్జన్ వేరు. ఏడాదికి ఎన్ని లోబెక్టమీలు (లోబ్ తీసే ఆపరేషన్లు) చేస్తారు, వాటిలో ఎన్నింటిని మధ్యలో ఆపి ఛాతీ తెరవాల్సి వచ్చింది, ప్రతి కేసునూ ట్యూమర్ బోర్డులో, అంటే వేర్వేరు క్యాన్సర్ నిపుణులు కలిసి కూర్చునే సమావేశంలో చర్చిస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. బాగా చేసేవాళ్లు విసుక్కోరు, అంకెలు చెబుతారు. ఇంకో సంగతి. మన దేశంలో పాత టీబీ వల్ల వాచిన గ్రంథులు కూడా క్యాన్సర్ ఎక్కడ పాకిందో చూసే పెట్ స్కాన్‌లో వెలుగుతాయి. అది క్యాన్సర్ పాకడమా, టీబీ గురుతా అని తేల్చడం రోజూ టీబీని చూసే ఇక్కడి డాక్టర్లకు అలవాటైన పని. ఇక ఒమన్, ఇరాక్, సూడాన్ నుంచి మెడికల్ వీసా మీద రోగులు హైదరాబాద్‌కే వస్తున్నారు. పెద్ద ఆసుపత్రుల లాబీలో అరబిక్ దుబాసీలు కనిపించేది అందుకే.

ఇప్పుడు ఆ 42 లక్షల సంగతి. ఎస్టిమేట్ కాగితం కింద చిన్న అక్షరాల్లో ‘అన్‌కాంప్లికేటెడ్ కేసు’ (ఏ ఇబ్బందీ రాకపోతేనే ఈ ధర) అని ఉందో లేదో చూడండి, దాదాపు ఖాయంగా ఉంటుంది. ఊపిరితిత్తి ఆపరేషన్ల తర్వాత తరచుగా వచ్చే ఇబ్బంది ఎయిర్ లీక్. కోసి మూసిన చోటు నుంచి గాలి కారుతూ ఉంటుంది. అది ఆగేవరకు ఛాతీలో పెట్టిన ట్యూబ్ తీయరు. రెండు మూడు రోజుల్లో తీయాల్సిన ట్యూబ్ కొందరికి వారం దాటినా ఉంటుంది. ప్రాణభయం అంతగా ఉండదు కానీ సింగపూర్‌లో అది రోజుకింత చొప్పున బిల్లు. ట్యూబ్ తీసిన వెంటనే విమానం ఎక్కడానికీ లేదు. ఛాతీలో ఊపిరితిత్తి బయట గాలి మిగిలితే పైకెళ్లాక అది వ్యాకోచించి ఊపిరితిత్తిని నొక్కుతుంది. గాలి పూర్తిగా పోయినట్టు ఎక్స్‌రేలో తేలాక కనీసం వారం ఆగమంటారు. ఎయిర్‌లైన్ వాళ్లు డాక్టర్ సంతకంతో మెడికల్ ఫారం అడుగుతారు. మూడు వారాలకు ఇద్దరికి గది, తిండి, టాక్సీలు, టికెట్లు కలిపి ఇంకో 5 లక్షలు వేసుకోండి. 47 అయింది.

దీని మీద టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. విదేశానికి వైద్యం కోసం పంపే డబ్బులో ఒక వ్యక్తి ఏడాదికి 10 లక్షలు దాటి పంపినదాని మీద 2025-26లో 5 శాతం బ్యాంకు వసూలు చేసేది. ఆ రేటున 47 లక్షలూ నాన్నగారి ఖాతా నుంచే వెళితే 37 లక్షల మీద 1.85 లక్షలు. ఈ రేటు బడ్జెట్‌ను బట్టి మారుతుంది కాబట్టి పంపేరోజున బ్యాంకులో కనుక్కోవాలి. ఇది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. కాకపోతే చేతిలో డబ్బు ఆడాల్సిన నెలల్లో అది ఇరుక్కుపోతుంది. ఫారంలో పర్పస్ ‘వైద్యం’ అని కాకుండా మరోటి పడితే 20 శాతం కోత పడే ప్రమాదం కూడా ఉంది. అంతకన్నా ముఖ్యం, మీ రెండు పాలసీలూ మామూలుగా ఇండియాలో చేసే వైద్యానికే చెల్లుతాయి. సింగపూర్ వెళ్లడమంటే చేతిలో ఉన్న 10 లక్షల కవరేజీని ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్లడమే.

అమెరికా ఆలోచన ఇంకా కష్టం. వైద్యానికని వీసా అడిగితే ఇక్కడి డాక్టర్ ఉత్తరం, అక్కడి ఆసుపత్రి ఖర్చుల అంచనా, ఆ డబ్బు ఎవరు కడతారో రుజువు చూపాలి. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుని వెళ్లిపోదాం అని ఎవరైనా అంటే వినకండి. ముందే బయటపడిన జబ్బుకు ప్లాన్ చేసుకుని చేయించుకునే ఆపరేషన్‌ను అది ఇవ్వదు.

ఇప్పుడు మీరు నిజంగా బుర్ర పెట్టాల్సింది ఇన్సూరెన్స్ మీద. ముందు మీ కంపెనీ పాలసీ వాడండి, తర్వాత నాన్నగారిది. ఏది ముందు వాడాలో ఎంచుకునే హక్కు మీదే. ఎందుకీ వరస అంటే, సిగరెట్. నాలుగేళ్ల కిందట పాలసీ తీసుకున్నప్పుడు ప్రపోజల్ ఫారంలో పొగతాగే అలవాటు గురించి ఏం రాశారో ఈరోజే తీసి చూడండి. ఏజెంట్లు గబగబా అన్నిటికీ ‘నో’ కొట్టేయడం మామూలే. ఆగకుండా 60 నెలలు పూర్తయితే మోసం రుజువు చేస్తే తప్ప పాత విషయాలు తవ్వి క్లెయిమ్ తోసిపుచ్చడానికి వీల్లేదు. మీకింకా నాలుగేళ్లే. అలాగని ఆసుపత్రిలో దాచకండి. మత్తు డాక్టర్‌కు ఆ విషయం తెలియడం ప్రాణావసరం, కేస్ షీట్‌లో ఎలాగూ రాస్తారు. మీ కంపెనీది లాంటి గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఆరోగ్య ప్రశ్నలే ఉండవు, పాత జబ్బులకూ మొదటిరోజు నుంచే కవరేజీ ఉంటుంది. అందుకే పెద్ద భారం దాని మీద వేయండి. పేరెంట్స్‌కు కో-పే (బిల్లులో మీరు కట్టాల్సిన వాటా) ఎంతో హెచ్‌ఆర్‌ను అడగండి, 10 నుంచి 20 శాతం ఉండొచ్చు. అందులో రాని మొత్తాన్ని రెండో పాలసీలో అడగవచ్చు. ఈ ఏడాది ఉద్యోగం మాత్రం మారకండి. మంచి ఆఫర్ వచ్చినా సరే. సాధారణంగా ఉద్యోగంలో ఆఖరి రోజుతోనే ఆ 5 లక్షలు పోతాయి.

గది దగ్గర జాగ్రత్త. నాన్నగారి పాలసీలో రూమ్ రెంట్ పాలసీ మొత్తంలో 1 శాతం అని ఉంటే రోజుకు 5,000. చుట్టాలు వస్తారని 10,000 గది తీసుకుంటే, గది అద్దెలోనే కాదు, సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ లాంటి వాటిలోనూ సగమే ఇస్తారు. నాలుగు రోజులకు 20,000 ఎక్కువ అనుకున్నది లక్ష దాకా లాగుతుంది. చుట్టాలను ఇంటికే రమ్మనండి.

బిల్లులో మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేసేది స్టాప్లర్. రక్తనాళాలను, శ్వాసనాళాన్ని, ఊపిరితిత్తి కణజాలాన్ని కోస్తూనే మూసేసే పరికరం అది. ప్రతి కోతకూ కొత్త కార్ట్రిడ్జ్ వేయాలి. లోపల ఎన్ని పడతాయో సర్జన్‌కు కూడా ముందే కచ్చితంగా తెలియదు. డిశ్చార్జ్ బిల్లులో ‘స్టాప్లర్ రీలోడ్’ అని వరసగా ఐదారు లైన్లు, ఒక్కోటీ వేలల్లో కనిపిస్తుంది. 5.8 లక్షల ఎస్టిమేట్‌లో ఎన్ని రీలోడ్లు లెక్కవేశారో అడిగి, ఆ సంఖ్యను ప్రీ-ఆథ్ ఫారంలోనే (ఆపరేషన్‌కు ముందు ఇన్సూరెన్స్ అనుమతి అడిగే ఫారం) రాయించండి. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ వాళ్లు తర్వాత ‘ఇది కన్‌స్యూమబుల్, వాడి పారేసే సామాను’ అని పేచీ పెట్టే అవకాశం తగ్గుతుంది. రోబోతో చేద్దామా అని అడిగితే వెంటనే తల ఊపకండి. రోబోటిక్ సర్జరీకి చాలా పాలసీల్లో విడిగా పరిమితి ఉంటుంది, మామూలు వ్యాట్స్‌కు అది వర్తించదు. ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

సీటీ, పెట్ స్కాన్, బయాప్సీ బిల్లులు పారేయకండి. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 లేదా 60 రోజుల ఖర్చు పాలసీని బట్టి వస్తుంది. క్యాష్‌లెస్ అడిగిన గంటలో మొదటి జవాబు, డిశ్చార్జ్ అప్పుడు 3 గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని 2024లో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. ఆలస్యమైతే ఆ మాట గుర్తుచేయండి, కౌంటర్ దగ్గర కాస్త కదలిక వస్తుంది. బిల్లు 7 లక్షలైనా, రెండు పాలసీలూ సరిగా వాడితే మీ చేతి నుంచి లక్షన్నర దాటకూడదు. ఎఫ్‌డీల్లోంచి 3 లక్షలు సేవింగ్స్‌లోకి తెచ్చుకోండి, మిగతా 15 లక్షలు కదపకండి.

ఆ 15 లక్షలు ఎందుకో చెబుతాను. తీసిన లోబ్, దానితోపాటు తీసిన లింఫ్ గ్రంథులు పాథాలజీకి వెళతాయి. గ్రంథుల్లో ఏమీ లేకపోతే ఆరు నెలలకోసారి సీటీ, కొన్నేళ్ల తర్వాత ఏడాదికోసారి. దీనికి పెద్ద ఖర్చు లేదు. గ్రంథుల్లో కనిపిస్తే మాత్రం స్టేజ్ మారుతుంది. కీమో రావచ్చు. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యుమార్పు ఉంటే మూడేళ్లపాటు రోజూ ఖరీదైన మాత్ర వేసుకోమనవచ్చు. మాత్రలంటే ఆసుపత్రిలో చేరక్కర్లేదు, ఓరల్ కీమోథెరపీకి పాలసీల్లో పరిమితులు ఉంటాయి. కంపెనీ 5 లక్షలు అప్పటికే వాడేసి ఉంటారు. 15 లక్షలు పనికొచ్చేది అక్కడ. రెండు రెన్యువల్స్‌నూ ఒక్కరోజు కూడా జారనివ్వకండి, ఈ జబ్బు తర్వాత కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం.

పొలం అమ్మాల్సిన పని ఈ లెక్కలో ఎక్కడా లేదు. అవసరంలో ఉన్నారని తెలిస్తే బేరం ఎలా పడిపోతుందో నాన్నగారికి మీకన్నా బాగా తెలుసు. ఒకవేళ రిపోర్టు తేడాగా వచ్చి అప్పటికప్పుడు డబ్బు కావాల్సి వచ్చినా, ముందు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్, తర్వాత గోల్డ్ లోన్. భూమి ఆఖరున.

విదేశీ డాక్టర్ మాట వింటేగానీ అక్కయ్యకు మనసు కుదుటపడదంటే, ఆ మాటను ఆన్‌లైన్‌లో కొనవచ్చు. సీటీ, పెట్ స్కాన్‌ల సీడీ, బయాప్సీ స్లైడ్‌లు మీ దగ్గర పెట్టుకోండి, అవి అడిగి తీసుకునే హక్కు మీది. మన దేశంలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి, క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయమైతే ‘నవ్య’ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా ఇంటి నుంచే తీసుకోవచ్చు. నేనైతే ముందు అదే చేస్తాను. కానీ దీనికోసం ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేయకండి.

ఆమె ఇస్తానన్న 20,000 డాలర్లు వద్దనకండి. కూతురు తల్లిదండ్రులకు ఇచ్చే డబ్బు మీద ఇక్కడ పన్ను లేదు. అక్కడ 2025లో ఒక్కొక్కరికి 19,000 డాలర్ల దాకా ఇస్తే గిఫ్ట్ ఫారం వేసే పని ఉండదు కాబట్టి నాన్నగారికి 10,000, అమ్మగారికి 10,000 చొప్పున రెండు ఖాతాల్లో వేయమనండి. పాథాలజీ రిపోర్టు వచ్చేదాకా ఆ డబ్బును 15 లక్షల పక్కనే చిన్న చిన్న ఎఫ్‌డీలుగా ఉంచండి, ఒకటి తీయాల్సి వస్తే మిగతావి చెదరకుండా.