లైవ్ ఓక్ చెట్టు కింద ఏ గడ్డి వేయాలి? మా పెరటి అనుభవం

పెరట్లో లైవ్ ఓక్ (దాదాపు ఏడాదంతా పచ్చగా ఉండే ఓక్ చెట్టు) కింద బెర్ముడా గడ్డి లాన్ ఏటా చచ్చిపోతోందని, కొమ్మలు కొట్టించాలా లేక నీడలో బతికే స్థానిక గడ్డి ఏదైనా ఉందా అని ఒకరు అడిగారు. మేమూ టెక్సాస్‌లోని డల్లాస్ దగ్గరే ఉంటాము. అలాంటి చెట్టు కిందే నేనూ మూడుసార్లు లాన్ పరిపించి పోగొట్టుకున్నాను.

బెర్ముడా అంటే మన గరికే. ఊళ్లో అది పెరిగేది పొలం గట్ల మీద, బాటల పక్కన, ఎండ బాగా తగిలే చోట. దట్టమైన చింతచెట్టు కింద గరిక పరుచుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఎరువు, నీళ్లు ఎంత పెంచినా ఎండ లోటు తీరదు.

కొమ్మల విషయంలో మాత్రం తొందరపడకండి. టెక్సాస్‌లో ఓక్ విల్ట్ అనే శిలీంధ్ర తెగులు ఉంది. తాజా గాయం మీద వాలే పురుగులు దాన్ని చెట్టుకు అంటిస్తాయి. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ఓక్ చెట్లను కత్తిరించవద్దని ఇక్కడి అటవీ శాఖ చెబుతుంది. ఏ నెలలో కొట్టినా గాయానికి వెంటనే రంగు పూయాలి. లాన్ కోసం అంత చెట్టును ప్రమాదంలో పెట్టడం నాకు సమ్మతం కాదు.

మా నీడకు నప్పింది ఇన్‌లాండ్ సీ ఓట్స్. శాస్త్రీయ నామం చాస్మాంథియం లాటిఫోలియం. ఈ ప్రాంతపు వాగుల ఒడ్డున, చెట్ల నీడలో తనంతట తానే పెరిగే గడ్డి. రెండు నుంచి నాలుగు అడుగుల ఎత్తు, వెదురును తలపించే వెడల్పాటి ఆకులు. వేసవిలో పల్చగా అణిచినట్టున్న ఆకుపచ్చ కంకులు వేలాడి, శరదృతువుకు రాగి రంగుకు తిరుగుతాయి. గాలికి అవి ఊగుతుంటే పిచ్చుకల కోసం చూరుకు కట్టే ధాన్యపు కుచ్చులే గుర్తొస్తాయి నాకు. పిట్టలు ఆ గింజలు తింటాయి కూడా.

అక్టోబరులో నాటాను, ఒకటిన్నర అడుగుల ఎడంతో. ఇక్కడిది మన నల్లరేగడి లాంటి నేలే, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఓక్ వేర్లు తెగకుండా కుండీ పట్టేంత గుంట మాత్రమే తవ్వి, రాలిన ఓక్ ఆకులనే పైన కప్పాను. మొదటి వేసవి వారానికోసారి బాగా తడిపాను. తరువాత ఎండలు మరీ ముదిరినప్పుడే నీళ్లు పెట్టాను. ఫిబ్రవరిలో ఎండు దుబ్బులను నేలమట్టంగా కోసేస్తే వసంతంలో కొత్త చిగుళ్లు వస్తాయి.

దీనితో ఒక్కటే ఇబ్బంది, కానీ చిన్నది కాదు. రాలిన ప్రతి గింజా మొలవాలని చూస్తుంది. రెండో ఏడు అందం చూసుకుంటూ కంకులు వదిలేశాను. మరుసటి వసంతానికి నడకబాట రాళ్ల సందుల్లో, పక్కనున్న పూలమొక్కల మధ్య ఎక్కడ చూసినా మొలకలే. వాన పడ్డ మరునాడు లాగితే వేరుతో సహా వస్తాయి, ఆలస్యమైతే గునపం కావాలి. ఇప్పుడు కంకులు రాగి రంగుకు తిరగగానే చాలావరకు కోసి ఇంట్లో పూలకూజాలో పెడుతున్నాను, పిట్టలకని నాలుగు దుబ్బులు మాత్రం వదులుతున్నాను. మీ స్థలం చిన్నదైతే అవీ వదలకండి.

వినాయక చవితికి గరిక లేకుండా పోతుందని బెంగ వద్దు. ఎండ పడే వైపు వెడల్పాటి కుండీలో ఒక పిడికెడు గరిక వేళ్లు నాటండి. మందు కొట్టిన లాన్ లోంచి కోయకుండా, పూజకు చాలినంత అందులోనే వస్తుంది.