ప్యాసివ్ రిపోర్టింగ్ వాక్యాల్లో ‘యెస్టర్‌డే’ లాంటి అడ్వర్బ్ ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది రెండు వాక్యాల గురించి. “ఇట్ వాజ్ అనౌన్స్‌డ్ యెస్టర్‌డే దట్ ద బ్రిడ్జ్ వుడ్ బీ క్లోజ్‌డ్” అని రాస్తే, అడ్వర్బ్ వాక్యం చివరే రావాలంటూ మీ టీచర్ కొట్టేశారన్నారు. ఇక “హీ ఈజ్ సెడ్ టు హావ్ లెఫ్ట్ యెస్టర్‌డే”లో నిన్న జరిగింది చెప్పడమా, వెళ్లడమా అన్నది మీ సందేహం. మొదటి వాక్యం మీరు రాసినట్టే సరైనది. రెండోదాంట్లో నిన్న జరిగింది వెళ్లడమే.

నా పని రిపోర్టుల ఇంగ్లీషు దిద్దడం. మీటింగ్ నోట్స్, విచారణ నివేదికలు, ప్రకటనలు ఇలాంటివి. ఎవరు చెప్పారో రాయనక్కర్లేని చోట, రాయకూడని చోట “ఇట్ ఈజ్ బిలీవ్‌డ్ దట్”, “ఈజ్ రిపోర్టెడ్ టు హావ్” లాంటివి వచ్చి తీరతాయి. వాటిలో ప్యాసివ్ రూపం తప్పడం తక్కువే, ఎక్కువసార్లు నేను మార్చేది అడ్వర్బ్ చోటు. ప్యాసివ్ తప్పయితే చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అడ్వర్బ్ తప్పు చోట పడితే మాత్రం వాక్యం చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, చెప్పే సంగతే మారిపోతుంది. రిపోర్టులో అది చిన్న విషయం కాదు.

ఈ తరహా వాక్యాలన్నిటిలో రెండు పనులుంటాయి. ఒకటి చెప్పడం, నమ్మడం, ప్రకటించడం లాంటిది. రెండోది ఎవరో చేసిన అసలు పని. అడ్వర్బ్ ఈ రెండిట్లో దేనిదో ముందు తేల్చుకుని, ఆ క్రియకు దగ్గరగా పెట్టండి. మీ వంతెన వాక్యాన్ని టీచర్ చెప్పినట్టు మారిస్తే “ఇట్ వాజ్ అనౌన్స్‌డ్ దట్ ద బ్రిడ్జ్ వుడ్ బీ క్లోజ్‌డ్ యెస్టర్‌డే” అవుతుంది. చదివేవాళ్లు యెస్టర్‌డేని దాని పక్కనున్న క్లోజ్‌డ్‌కే కలుపుకుంటారు. నిన్న చేసిన ప్రకటన కాస్తా, వంతెన నిన్ననే మూసేస్తామన్న ప్రకటన అయిపోతుంది.

మీ టీచర్ అభ్యంతరం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. క్రియకూ కర్మకూ మధ్య అడ్వర్బ్ దూర్చకూడదని మనందరికీ బడిలో నేర్పారు. “షీ రెడ్ యెస్టర్‌డే ద లెటర్” అనకూడదు, నిజమే. కానీ ఆ నియమం ‘లెటర్’ లాంటి చిన్న కర్మకు. ‘దట్’తో మొదలయ్యే పొడవాటి క్లాజ్‌కి, అంటే ఉపవాక్యానికి, అది వర్తించదు. ఇంగ్లీషులో బరువైన భాగం వాక్యం చివరికి జరుగుతుంది, చిన్న అడ్వర్బ్ దానికి ముందే తన చోటు చూసుకుంటుంది. “షీ సెడ్ యెస్టర్‌డే దట్ షీ వాజ్ టయర్డ్” అన్నది మామూలు ఇంగ్లీషు. ప్యాసివ్‌లోనూ అంతే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. మధ్యలో అడ్వర్బ్ వచ్చినప్పుడు ‘దట్’ని వదిలేయకండి. “ఇట్ వాజ్ సెడ్ యెస్టర్‌డే ద బ్రిడ్జ్ వాజ్ క్లోజ్‌డ్” అని రాస్తే యెస్టర్‌డే అటుదో ఇటుదో తేలదు. మాటల్లో గొంతు ఎక్కడ ఆపారో విని అర్థం చేసుకుంటారు, కాగితం మీద ఆ పని ‘దట్’ ఒక్కటే చేయగలదు.

అన్ని అడ్వర్బులూ ఆ చోట ఇమడవు. యెస్టర్‌డే, లాస్ట్ వీక్ లాంటి కాలం మాటలు పార్టిసిపుల్ (సెడ్, అనౌన్స్‌డ్, బిలీవ్‌డ్ లాంటి క్రియారూపం) తర్వాత వస్తాయి. వైడ్‌లీ, జనరల్లీ, అఫీషియల్లీ, వెల్ లాంటివి పార్టిసిపుల్‌కి ముందు వస్తేనే సహజం: “ఇట్ ఈజ్ వైడ్‌లీ బిలీవ్‌డ్ దట్”, “ఇట్ ఈజ్ వెల్ నోన్ దట్”. “ఇట్ ఈజ్ నోన్ వెల్ దట్” అని ఎవరూ అనరు. ఇంగ్లండ్ పత్రికల్లో “వాజ్ లాస్ట్ నైట్ సెడ్ టు బీ” లాంటివి కనిపిస్తాయి. అది పత్రికల శైలి, మామూలు రాతలో వద్దు.

ఇప్పుడు మీ రెండో వాక్యం. నాకు బాగా ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. “హీ హాజ్ లెఫ్ట్ యెస్టర్‌డే” తప్పని మనకు తెలుసు, ప్రెజెంట్ పర్ఫెక్ట్ పక్కన యెస్టర్‌డే కుదరదు. మరి “హీ ఈజ్ సెడ్ టు హావ్ లెఫ్ట్ యెస్టర్‌డే” ఎలా కుదిరింది? అందులోనూ ‘హావ్ లెఫ్ట్’ ఉంది కదా? కారణం ఏమిటంటే, ఇన్ఫినిటివ్‌కి, అంటే ‘టు లీవ్’ లాంటి ‘టు’తో వచ్చే రూపానికి, మామూలు భూతకాల రూపమే లేదు. ‘టు లెఫ్ట్’ అనలేం. అందుకే లెఫ్ట్, హాజ్ లెఫ్ట్, హాడ్ లెఫ్ట్ ఈ మూడింటి పనీ ‘టు హావ్ లెఫ్ట్’ ఒక్కటే మోస్తుంది. మీ వాక్యాన్ని విప్పి చూస్తే “ఇట్ ఈజ్ సెడ్ దట్ హీ లెఫ్ట్ యెస్టర్‌డే” వస్తుంది. అక్కడ యెస్టర్‌డేకి ఏ ఇబ్బందీ లేదు. “హీ మస్ట్ హావ్ లెఫ్ట్ యెస్టర్‌డే” సరైనది కావడానికీ కారణం ఇదే. హావ్ కనిపించింది కదా అని యెస్టర్‌డే కొట్టేసేవాళ్లను చూస్తుంటాను. మీరు మాత్రం ధైర్యంగా ఉంచండి.

పైగా ‘ఈజ్ సెడ్’ వర్తమానం. నిన్న అనే మాట దానికి అతకదు కాబట్టి మీ వాక్యంలో గందరగోళానికి చోటే లేదు. ‘ఈజ్’ తీసి ‘వాజ్’ పెట్టారో, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. “హీ వాజ్ సెడ్ టు హావ్ లెఫ్ట్ యెస్టర్‌డే”లో చెప్పడమూ గడిచిపోయిందే, వెళ్లడమూ గడిచిపోయిందే. చాలామంది వెళ్లడానికే కలుపుకుంటారు, కానీ రెండో అర్థాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. చెప్పడమే నిన్న అయితే “హీ వాజ్ సెడ్ యెస్టర్‌డే టు హావ్ లెఫ్ట్” అనొచ్చు. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవికి మాత్రం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నేనైతే “ఇట్ వాజ్ సెడ్ యెస్టర్‌డే దట్ హీ హాడ్ లెఫ్ట్” అని మార్చేస్తాను.

ఇంకో చిక్కు ‘టు’ దగ్గర వస్తుంది. “హీ వాజ్ సెడ్ ఫ్రీక్వెంట్లీ టు మిస్ మీటింగ్స్” అన్న వాక్యం చూడండి. తరచుగా అన్నారా, తరచుగా ఎగ్గొట్టాడా? అడ్వర్బ్ రెండు వైపులా చూస్తోంది. ఇలాంటి దాన్ని స్క్వింటింగ్ మాడిఫయర్ అంటారు. ‘టు’కీ క్రియకీ మధ్య ఏదీ రాకూడదన్న భయంతోనే చాలామంది ఇలా రాస్తారు. ఆ నిషేధం 19వ శతాబ్దంలో బలపడిన అభిప్రాయం, ఇవాళ్టి వ్యాకరణవేత్తలు దాన్ని నియమంగా లెక్కపెట్టరు. “హీ వాజ్ సెడ్ టు ఫ్రీక్వెంట్లీ మిస్ మీటింగ్స్” అంటే ఎగ్గొట్టడమే తరచు. “హీ వాజ్ ఫ్రీక్వెంట్లీ సెడ్ టు మిస్ మీటింగ్స్” అంటే అనడమే తరచు. రెండూ స్పష్టం. అర్థం తేలుతుందనుకుంటే స్ప్లిట్ ఇన్ఫినిటివ్‌ని, అంటే ‘టు’కీ క్రియకీ మధ్య అడ్వర్బ్ పెట్టడాన్ని, వాడడానికి వెనకాడకండి.

స్టిల్, నౌ లాంటి చిన్న మాటలు మరీ నిశ్శబ్దంగా అర్థం మారుస్తాయి. “హీ ఈజ్ స్టిల్ బిలీవ్‌డ్ టు బీ అలైవ్” అంటే ఆ నమ్మకం ఇంకా పోలేదని. “హీ ఈజ్ బిలీవ్‌డ్ టు బీ స్టిల్ అలైవ్” అంటే మనిషి ఇంకా బతికే ఉన్నాడని నమ్ముతున్నారని. తప్పిపోయిన వ్యక్తి గురించిన నివేదికలో ఈ రెండూ ఒకటి కావు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘నాట్’. బిలీవ్, థింక్ లాంటి క్రియలతో అది ఎటున్నా పెద్ద తేడా రాదు. “హీ ఈజ్ నాట్ బిలీవ్‌డ్ టు బీ డేంజరస్” అన్నా, “హీ ఈజ్ బిలీవ్‌డ్ నాట్ టు బీ డేంజరస్” అన్నా దాదాపు ఒకే మాట. ‘నోన్’ దగ్గర మాత్రం తేడా చాలా పెద్దది. “హీ ఈజ్ నాట్ నోన్ టు హావ్ ఎంటర్డ్ ద రూమ్” అంటే అతను గదిలోకి వెళ్లినట్టు సమాచారం లేదని. వెళ్లి ఉండొచ్చు కూడా. “హీ ఈజ్ నోన్ నాట్ టు హావ్ ఎంటర్డ్ ద రూమ్” అంటే వెళ్లలేదని ఖాయంగా తెలుసని. విచారణ రిపోర్టులో ఈ రెండూ తారుమారైతే ఒక మనిషికి అన్యాయం జరుగుతుంది. ఈ ‘నాట్’ దగ్గర నేను ఊహించి దిద్దను. రాసినవాళ్లకు ఫోన్ చేసి, మీకు తెలిసింది ఏమిటని అడిగాకే వాక్యం ముట్టుకుంటాను.

ఏ క్రియ ఏ నమూనాకు ఒప్పుకుంటుందో కూడా చూసుకోండి. సే, బిలీవ్, థింక్, రిపోర్ట్, ఎక్స్‌పెక్ట్ లాంటివి “ఇట్ ఈజ్... దట్”కీ, “హీ ఈజ్... టు”కీ రెండిటికీ పనికొస్తాయి. హోప్, సజెస్ట్ మొదటిదానికే: “ఇట్ ఈజ్ హోప్‌డ్ దట్” సరే, “హీ ఈజ్ హోప్‌డ్ టు” వద్దు. మనవాళ్లు తరచూ రాసే “ఇట్ వాజ్ టోల్డ్ దట్” కూడా కుదరదు, ఎందుకంటే టెల్‌కి వినే మనిషి కావాలి. “వీ వర్ టోల్డ్ యెస్టర్‌డే దట్” అనండి, లేదా “ఇట్ వాజ్ సెడ్ యెస్టర్‌డే దట్” అనండి.

ఇదంతా బరువనిపిస్తే రిపోర్టెడ్లీ, అలెజెడ్లీ లాంటి ఒంటి మాట చాలు. “హీ రిపోర్టెడ్లీ లెఫ్ట్ యెస్టర్‌డే” అంటే క్రియ ఒక్కటే మిగులుతుంది కాబట్టి యెస్టర్‌డే ఎవరిదన్న ప్రశ్నే రాదు. అయితే అది వాడాక మళ్లీ ‘ఈజ్ సెడ్ టు’ చేర్చకండి, చెప్పిందే రెండుసార్లు చెప్పినట్టవుతుంది. అలాగే చెప్పడం ఎప్పుడు జరిగిందన్నది ముఖ్యమైతే ఈ దారి పనికిరాదు. మీ వంతెన వాక్యం అలాంటిదే, దాన్ని మీరు రాసినట్టే ఉంచండి.