గోలీలు మంచి కోచ్‌లు అవుతారా? మా అమ్మాయిని చూసి చెబుతున్నాను

"మా అబ్బాయి ఐస్ హాకీలో గోలీ, అంటే గోల్‌కీపర్, అవుతానంటున్నాడు. పాట్రిక్ రాయ్‌లాగా గోల్లో నిలబడినవాళ్లు కోచ్‌లుగా కూడా రాణిస్తారా, లేక అది అతనొక్కడికే చెల్లిందా?" అని అడిగారు. రాణిస్తారు. మిగతా ఆటగాళ్లకంటే బాగా రాణిస్తారని నా గట్టి నమ్మకం. అయినా ఉత్తర అమెరికా పెద్ద హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో హెడ్ కోచ్‌లైన గోలీలను వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. ఎందుకంత జంకో నాకు అర్థం కాదు.

ముందు పేరు సంగతి. రాసేది రాయ్ అనే అయినా, పలకాల్సింది రువా. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ మనిషి, ఫ్రెంచ్ పేరు. రాయ్ అంటే మాంట్రియల్‌లో మా ఇంటి ఓనరమ్మ వెంటనే సరిదిద్దేది.

పెళ్లయి నేను మాంట్రియల్ వచ్చింది 1995 అక్టోబరులో. ఫ్రెంచ్ రాదు, హాకీ తెలియదు, చలికి బయటికి అడుగు పెట్టాలంటే భయం. శనివారం రాత్రి కింది పోర్షన్‌లో ఓనరమ్మ టీవీ ముందు కూర్చోవడమే నాకు కాలక్షేపం. మాంట్రియల్ జట్టు గోలీ రువా అంటే ఆవిడకి ఇంట్లో పిల్లాడి లెక్క. 1986లో, ఇరవై ఏళ్ల వయసులో, ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ తెచ్చాడు. 1993లో ఓవర్‌టైమ్‌లో వరసగా పది మ్యాచ్‌లు గెలిచి మళ్లీ తెచ్చారంటే అతని చలవే.

డిసెంబరు 2న డెట్రాయిట్‌తో మ్యాచ్. గోల్ మీద గోల్ పడుతోంది. మధ్యలో అతను ఒక తేలికైన షాట్ ఆపితే, సొంత ఊరి జనమే వెటకారంగా చప్పట్లు కొట్టారు. అతను రెండు చేతులూ పైకెత్తాడు. ఓనరమ్మ అప్పటిదాకా అల్లుతున్న స్వెటర్‌ని ఒళ్లోకి జారవిడిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఆరు షాట్లలో తొమ్మిది గోల్స్ పడ్డాకగానీ కోచ్ అతన్ని బయటికి పిలవలేదు. రువా బెంచ్ దగ్గరికి వచ్చాడు, కోచ్ ముందు నుంచే వెళ్లాడు, మళ్లీ వెనక్కి తిరిగాడు. బెంచ్ వెనకే కూర్చున్న జట్టు ప్రెసిడెంట్ వైపు వంగి ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఓనరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. మాంట్రియల్‌కి ఇదే తన ఆఖరి మ్యాచ్ అన్నాడని తర్వాత తెలిసింది. 11-1తో ఓడిపోయారు. నాలుగో రోజుకి అతన్ని అమెరికాలోని కొలరాడో జట్టుకి పంపేశారు. ఆ సీజన్‌లోనే కొలరాడోకి కప్పు వచ్చింది.

ఆ రాత్రి కోచ్ మారియో ట్రాంబ్లే. ఆటగాడిగా అయిదు స్టాన్లీ కప్పులు చూసినవాడు, రువాతో కలిసి ఆడినవాడు. ఆడింది మాత్రం ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే వరసలో. గోల్లో ఒంటరిగా నిలబడ్డవాడికి తొమ్మిది గోల్స్ అంటే ఏమిటో ఫార్వర్డ్‌కి తెలియదు. ఆటగాడిగా ఎన్ని కప్పులున్నా ఆ లోటు తీరదు.

నాకింత కోపం ఎందుకంటే, మా అమ్మాయికీ అదే జరిగింది. తర్వాత మేము టొరంటో వైపు మారాం. తనకి పదేళ్లు. ఉదయం అయిదున్నరకి ప్రాక్టీసు. గోలీ సామాను ఆ పిల్లకంటే బరువు, దాని ధర గురించి మాట్లాడకపోవడమే మంచిది. ఒక మ్యాచ్‌లో ఏడు గోల్స్ పడినా కోచ్ తీయలేదు. "నేర్చుకోవాలి కదా" అన్నాడు. ప్రాక్టీసులో ఒక్కరోజైనా తనకి ఏమైనా నేర్పాడా? మిగతా పిల్లలకి షాట్లు ప్రాక్టీసు చేయడానికి తనని గోడలా నిలబెట్టేవాడు, అంతే. కారులో హెల్మెట్ తీయకుండా ఇంటిదాకా వచ్చింది. చుట్టాలేమో ఫోన్లో "ఆడపిల్లకి ఆ కర్రల ఆట ఎందుకమ్మా, డాన్స్ నేర్పించొచ్చుగా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

మరుసటి ఏడు వచ్చిన కోచ్ చిన్నప్పుడు గోలీ. మొదటి రోజే గోల్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, టెన్నిస్ బంతులు వేస్తూ ఆడించాడు. గోల్ పడినప్పుడల్లా అడిగేది ఒక్కటే: "పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) కనిపించిందా?" కనిపించలేదంటే అడ్డంగా నిలబడ్డ డిఫెండర్లని పిలిచేవాడు. కనిపించిందంటే తనతో మాట్లాడేవాడు. రెండు నెలల్లో పిల్ల మారిపోయింది. గోల్ పడ్డాక తల దించుకోవడం మానేసింది.

అందుకే 2013లో రువా కొలరాడోకి కోచ్‌గా వచ్చినప్పుడు మా ఇంట్లో పండగ. దానికి ముందే క్యూబెక్ జూనియర్ జట్టు రాంపార్‌కి కోచ్‌గా 2006లో కెనడా జూనియర్ల పెద్ద టోర్నీ మెమోరియల్ కప్ గెలిచాడు. ముందు సీజన్‌లో లీగ్ పశ్చిమ విభాగంలో అట్టడుగున ఉన్న కొలరాడో, అతని మొదటి ఏడాదే 52 మ్యాచ్‌లు గెలిచింది. ఉత్తమ కోచ్ అవార్డూ అతనికే. కోపిష్టి కాడని నేను అనను. మొదటి మ్యాచ్‌లోనే బెంచీల మధ్య ఉన్న అద్దాన్ని తోసి జరిమానా కట్టాడు.

2014 ఏప్రిల్లో మిన్నెసోటాతో మొదటి ప్లేఆఫ్ (కప్పు కోసం ఆడే నాకౌట్ దశ) మ్యాచ్. కొలరాడో ఒక గోల్ వెనకబడి ఉంది. ఇంకా దాదాపు మూడు నిమిషాల ఆట ఉండగానే రువా గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాడిని దింపాడు. అప్పట్లో చివరి నిమిషం దగ్గరపడేదాకా మామూలుగా అలా చేసేవారు కాదు. మా అమ్మాయి సోఫాలోంచి లేచి నిలబడి "అమ్మా, నెట్ ఖాళీ!" అని అరిచింది. పదమూడు సెకన్లు ఉండగా కొలరాడో ఆటగాడు స్టాస్ట్నీ గోల్ కొట్టి సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో గెలిపించిందీ అతనే. ఖాళీ నెట్ చూసి భయపడనివాడు జీవితమంతా ఆ నెట్‌లో నిలబడినవాడే అయి ఉండాలి.

2016లో నిర్ణయాల్లో తన మాటకి విలువ లేదని కొలరాడో వదిలేశాడు. మళ్లీ క్యూబెక్ జూనియర్ జట్టు రాంపార్ దగ్గరికే వెళ్లి 2023లో మరో మెమోరియల్ కప్ గెలిచాడు, 2024 జనవరిలో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు న్యూయార్క్ ఐలాండర్స్‌కి కోచ్ అయ్యాడు. 

మీ అబ్బాయిని నిశ్చింతగా గోల్లో నిలబెట్టండి. అయితే ఫీజు కట్టేముందు క్లబ్బువాళ్లని ఒక్క మాట అడగండి: ప్రాక్టీసులో గోలీలని ఎవరు చూసుకుంటారు? "అందరితోపాటే" అంటే ఇంకో క్లబ్బు వెతుక్కోండి.