ఏ కాలంలో ఉన్నామో చెవికి తెలిసేదెలా?

ప్రశ్న: మా నాటక బృందం అరగంట సైన్స్ ఫిక్షన్ ఆడియో నాటకం రాసుకుంది. 2150 నుంచి వచ్చిన శత్రువు 1855కి వెళ్లి బెజవాడ ఆనకట్టను పేల్చేస్తాడు. అతణ్ని ఆపడానికి ఇప్పటి విజయవాడ నుంచి ముగ్గురు వెళతారు. విన్నవాళ్లేమో ఏ సీను ఏ కాలానిదో తెలియట్లేదంటున్నారు. సీనుకు ముందు సంవత్సరం చెప్పించాలా?
– పటమట, విజయవాడ

జవాబు: వద్దండీ. మూడోసారికల్లా రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటులా వినిపిస్తుంది. కృష్ణ ఉండగా సూత్రధారుడెందుకు? ఆనాటి ఆనకట్ట రాతి కట్టడం, నీళ్లు దాని మీంచి పొర్లేవి. అంటే ఎడతెగని, ఒకే స్థాయి హోరు. ఇప్పటిది 1957 నాటి ప్రకాశం బ్యారేజీ. గేట్లెత్తితే కింద నీటి మోత, పైన బండ్ల రొద. సీను మొదట్లో నాలుగు సెకన్లు ఈ శబ్దం ఒక్కటే వినిపించండి. మాట మొదలవగానే దాన్ని 15–20 డెసిబెల్స్ దించండి, పూర్తిగా ఆపేయొద్దు.

ఆనకట్ట పేలిన తర్వాత వచ్చే ‘ఇప్పటి’ సీనులో పాత్రలు మాట్లాడుతుండగానే బ్యారేజీ మోతను రెండు సెకన్లలో మాయం చేయండి. ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. పేలుడు కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెడుతుంది.

ఒక చిక్కుంది. ఆనకట్ట 1952లో ఎలాగూ తెగిందని, దాని బదులే బ్యారేజీ కట్టారని మన ఊరి శ్రోత పట్టేస్తాడు. కనుక శత్రువు గురి కట్టడం మీద కాదు, మధ్యలో 97 ఏళ్ల డెల్టా పంట మీద అని ఒక్క డైలాగులో తేల్చేయండి. ఇంకోటి: 1855 సీనులో రైలు కూత పెట్టకండి. దక్షిణాదిలో తొలి రైలు నడిచింది 1856లో, అదీ మద్రాసులో. ఆ సీన్లలో ఎవరి నోటా ‘విజయవాడ’ రాకూడదు.

ప్రశ్న: పేలుళ్లు హెడ్‌ఫోన్‌లో బాగున్నాయి, ఫోన్‌లో వింటే తుస్సుమంటున్నాయి. భవిష్యత్తు ఆయుధాల శబ్దం సొంతంగా చేయొచ్చా?
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఫోన్ స్పీకరు చిన్నది, బాగా కింది స్థాయి గుమ్ము దాన్లో పలకదు. అందుకని పేలుడును రెండు పొరలుగా కట్టాలి. ఇనప ట్రంకుపెట్టె మూత దబ్బున వేసి రికార్డు చేసి, సగం వేగానికి తగ్గించండి. శబ్దం ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగి, నిడివి రెట్టింపవుతుంది. దాని మొదట్లో ఎండు పత్తికంప విరిచిన చప్పుడు అతికించండి. ఫోన్‌లో వినిపించేది ఈ ‘ఫట్’మనేదే. వీలైతే 96 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ రేటుతో రికార్డు చేయండి. రికార్డులో నిలిచేది ఆ రేటులో సగం దాకా ఉన్న ధ్వనులే. 48లో చేస్తే పట్టేది 24 దాకానే, వేగం సగానికి తగ్గిస్తే 12 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు, గోనె కప్పినట్టుంటుంది.

ఆయుధానికి పిల్లలు మెట్ల మీద దింపి ఆడుకునే పొడవాటి స్ప్రింగు చాలు. సాగదీసి ఒక చివర స్క్రూడ్రైవరుతో కొట్టండి, రెండో చివర మైకు ఉంచండి. సన్నని ధ్వని ముందు, బొంగురుది తర్వాత చేరి ‘చ్యూ’మంటుంది.

ప్రశ్న: ఎండల్లో ఫ్యాను ఆపితే ఉండలేం, వేస్తే హోరు. ఎలా?
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: రాత్రి పదకొండు దాటాక రికార్డు చేయండి. టేకుకు టేకుకు మధ్య ఫ్యాను వేసుకోండి. వెనక రెండు బొంతలు వేలాడదీసి, మైకును జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టండి. ఖాళీ గది శబ్దం 30 సెకన్లు విడిగా తీసిపెట్టుకోండి, అతుకులు కప్పడానికి అదే దిక్కు. ఫ్యాను హోరును సాఫ్ట్‌వేరుతో తర్వాత తీసేద్దామనుకోకండి. ఎక్కువ లాగితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.