వర్గమూలానికి ‘భాగహార పద్ధతి’ అనవచ్చునా?

సందేహం: బొబ్బిలి నుంచి ఒక గణితోపాధ్యాయిని ఇలా అడుగుతున్నారు: “వర్గమూలం కట్టే పద్ధతిని ‘భాగహార పద్ధతి’ అని బోధిస్తున్నాం. భాగహారంలో భాజకం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే. ఇక్కడ అడుగడుగునా మారిపోతుంది. ఆ పేరు తగినదేనా? మా నాన్నగారు ‘మూలం తీయడం’ అనేవారు, మేము ‘కనుగొనడం’ అంటున్నాం, ఏది సరి? ‘54,756 యొక్క వర్గమూలం’ అనాలా, ‘54,756కి వర్గమూలం’ అనాలా?”

సమాధానం: ఆ పేరు తగినదే. క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయంలో, గణితపాదంలో, ఈ ప్రక్రియను చెప్పిన ఆర్యా ఛందస్సులోని శ్లోకం “భాగం హరేదవర్గాన్నిత్యం ద్విగుణేన వర్గమూలేన” అనే మొదలవుతుంది. అంటే అంతవరకు వచ్చిన మూలాన్ని రెట్టింపు చేసి, దానితో అవర్గస్థానాన్ని భాగించాలని అర్థం. కుడి నుంచి ఒకట్లు, వందలు, పదివేలు వర్గస్థానాలు. పదులు, వేలు అవర్గస్థానాలు.

మీ సంఖ్యనే చూద్దాం. 5లో ఇమిడే పెద్ద వర్గం 4 కాబట్టి మూలంలో మొదటి అంకె 2, శేషం 1. పక్కనున్న 4ను దించితే వచ్చే 14ను, 2కు రెట్టింపైన 4తో భాగిస్తే లబ్ధం 3, శేషం 2. 7ను దించగా వచ్చిన 27 నుంచి 3 వర్గమైన 9ని తీసివేస్తే 18. మళ్లీ 5ను దించి, 185ను 23కు రెట్టింపైన 46తో భాగిస్తే లబ్ధం 4, శేషం 1. చివరి 6ను దించితే 16. అందులోంచి 4 వర్గాన్ని తీసివేస్తే శేషం సున్న, మూలం 234. మూలం పెరిగేకొద్దీ దాని రెట్టింపూ పెరుగుతుంది గనుక భాజకం మారక తప్పదు. బడిలో నేర్పే రీతి ఈ రెండు పనులను ఒకటిగా కలుపుతుంది: 4 పక్కన 3 చేర్చి, 43ను 3తో గుణించి, 147 నుంచి 129 తీసివేస్తుంది. లబ్ధం భాజకంలోనే చోటు చేసుకోవడం మామూలు భాగహారంలో లేదు. మీ అనుమానానికి మూలం ఇదే కావచ్చు.

అయితే ఉజ్జాయింపు మూలంతో సంఖ్యను భాగించి, ఆ మూలానికీ వచ్చిన లబ్ధానికీ సగటు తీసుకునే మరో పద్ధతి ఉంది. 2కు వర్గమూలం కట్టడానికి 17/12తో మొదలుపెడితే లబ్ధం 24/17, సగటు 577/408, అంటే సుమారు 1.4142157, యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలైన శుల్బసూత్రాలలోని విలువ కూడా ఇదే. ఇందులోనూ భాగహారం ఉన్నది కనుక దీన్ని ‘సగటు పద్ధతి’ అంటే పేర్లు కలగాపులగం కావు.

తీయడం, కనుగొనడం రెండూ సాధువులే. కాని తీసివేతలు నిండిన లెక్కలో ‘సంఖ్య నుంచి మూలం తీయండి’ అంటే పిల్లలు వ్యవకలనమనుకోవచ్చు. ‘సంఖ్యకు మూలం తీయండి’ అనండి.

‘యొక్క’ తప్పు కాదు గాని ఇక్కడ అనవసరం. విభక్తి మాత్రం అంకెను చదివే తీరును బట్టి రావాలి: ఎనిమిదికి, పదికి, నాలుగుకు, ఆరుకు. వాడుకలో ‘ఆరుకి’ వినబడుతున్నా, రాతలో ‘54,756కు వర్గమూలం’ అనడమే మేలు. ‘రెండింటికి వర్గమూలం’ అనకండి. అది రెండు వేర్వేరు సంఖ్యలనో, గడియారంలో రెండు గంటలనో స్ఫురింపజేస్తుంది. అంకె పేరుగా నిలిచినప్పుడు ‘రెండుకు’ అనే రాయాలి.